ముందు ఫొటో లేని కాలవ

గుండ్లమిట్ట పిల్లలు చేసిన తప్పు ఒక్కటే. చేయమని చెప్పబోతున్న పనిని, చెప్పకముందే చేసేశారు.

ఆ ఊరికి పడమట కొండ. కొండమీద వాన పడితే నీళ్ళు ఒక కాలవ వెంట దిగివచ్చి పెద్దకుంటలో చేరాలి. కుంటలో నీళ్ళుంటే దాని పక్కనే ఉన్న ఈ ఊరి బోరు పలుకుతుంది. కుంట ఎండితే బోరు నాలుగుసార్లు దగ్గి ఊరుకుంటుంది, ఊరు ఊరంతా ట్యాంకరు కోసం రోడ్డుమీద బిందెలు వరస పెట్టుకుని కూర్చుంటుంది. పోయినేడు కాలవ పూడిపోయి, పడ్డ నాలుగు వానల నీళ్ళూ రెడ్డోళ్ళ కళ్ళం మీదుగా వంకలోకి జారిపోయాయి. ఇక ఏడాది పొడుగునా ట్యాంకరే.

శివగంగ ఇంట్లో అమ్మ కూలికి పోతుంది. జేజి తిమ్మక్కకు, అంటే నాయనమ్మకు, మోకాళ్ళు వంగవు. బిందెల వరసలో నిలబడటానికి మిగిలింది శివగంగ. పదో తరగతి చదువుతూ నలభై ఒక్క రోజులు బడి మానింది ఆ పిల్ల. అయినా మొండిగా చదివి పాసయింది. కదిరిలో ఇంటర్ సీటు కూడా వచ్చింది. వాళ్ళమ్మ మాత్రం ఒక్క మాటలో తేల్చేసింది.

"కుంట నిండితే కాలేజీ. నిండకపోతే ట్యాంకరు. నన్నేం చేయమంటావు చెప్పు?"

అలాంటి సమయంలో ఫీల్డ్ అసిస్టెంటు ఓబులేసు ఒక కాగితం పట్టుకుని ఊళ్ళోకి వచ్చాడు. ఓబులేసు ఆ ఊరివాడే. మంచివాడే కానీ, కాగితం చేతిలో ఉంటే మాత్రం మనిషి మారిపోతాడు. వేసవి సెలవుల్లో 'బాల హరిత శ్రమదళం' అని పథకం వచ్చిందట. పద్నాలుగు నిండి పద్దెనిమిది నిండని పిల్లలు ముప్పై రోజులపాటు తమ ఊరి కాలవను పరిరక్షించాలట. మే ఒకటిన ప్రారంభోత్సవమట.

"ముప్పై దినాలా? ఆ కాలవకా?" అంది తిమ్మక్క అరుగుమీద ఆకు నములుతూ. "మా కాలంలో నాలుగు పొద్దులురా. ఇంటికొక పార, మనిషికి ఆరు బారలు. ఎవురి వంతు వాళ్ళు చేతులు చాపి కొలుచుకునేది. తన వంతు అయిపోయినోడు పక్కోడి వంతులోకి దిగాల. ఆఖరోడు గట్టెక్కేదాకా ఎవురికీ సంగటి పెట్టేది ల్యా. మీ తాత ఎప్పుడూ ఆఖరోడే. ఆయన పుణ్యాన ఊరంతా మాడేది."

శివగంగకు ఆ మాట ఎక్కింది. ఇంటింటికీ తిరిగి తనతో కలిపి ఇరవై మూడు మందిని పోగుచేసింది. అందులో కుళ్ళాయప్ప అనే పిల్లవాడు ఏ పనికైనా ముందు ఎదురు మాట్లాడి, తరువాత అందరికన్నా ఎక్కువ చేస్తాడు. వాడు కూడా వచ్చాడు. తెల్లవారుజామున దిగి, ఎండెక్కేలోగా గట్టెక్కి, సరిగ్గా నాలుగు పొద్దుల్లో కొండ మొదలు నుంచి కుంట దాకా కాలవను అద్దంలా చేసేశారు. తీసిన పూడికమట్టిని ఊరి రైతు మారెప్ప ట్రాక్టరుతో తన వేరుశనగ చేనికి తోలుకున్నాడు. నాలుగోరోజు కాలవ గట్టున కూర్చుని అందరూ ఒకేసారి సంగటి తిన్నారు. అదే ఏప్రిల్ ఇరవై తొమ్మిది.

మే ఒకటిన పథకం ప్రత్యేకాధికారి సచ్చిదానందమూర్తిగారు వచ్చారు. మెడలో గుర్తింపుకార్డు, చేతిలో ఫోను. కాలవ దగ్గరకు నడిచి, ఇటు చూసి అటు చూసి, ఇంట్లో దొంగలు పడ్డ మనిషిలా నిలబడిపోయారు.

"ఓబులేసూ, ఇందులో ఉండవలసిన పూడిక ఏదీ?"

"తీసేసినాం సార్!" అన్నారు ఇరవై మూడు మందీ ఒక్క గొంతుతో. మెచ్చుకుంటారని వాళ్ళ ఆశ.

"అనగా, ప్రారంభోత్సవమునకు పూర్వమే, అనుమతి లేకుండా, పరిరక్షణ జరిగినట్టు నేను గ్రహిస్తున్నాను."

"పిల్లోళ్ళు సార్. ఉషారు మీద చేసేసినారు," అని చేతులు నలుపుకున్నాడు ఓబులేసు.

అధికారిగారు ఫోను తెరిచి చూపించారు. అందులో మూడు గళ్ళున్నాయి. 'ముందు', 'జరుగుతుండగా', 'తర్వాత'. ముందు గడిలో ఫొటో పడితేగానీ రెండో గడి తెరుచుకోదు. రెండోది నిండితేగానీ మూడోది కన్ను తెరవదు.

"ముందు ఫొటో ఎవరు తీశారు?"

ఎవరూ తీయలేదు. ఓబులేసు ఫోను ఆ నాలుగు పొద్దులూ ఛార్జింగులో ఉంది.

"ముందు ఫొటో లేదంటే ఈ కాలవ ఎప్పుడూ బాగానే ఉన్నదని అర్థం. ఎప్పుడూ బాగున్న కాలవకు పథకం ఎందుకని పైవారు అడుగుతారు. పథకం ఎందుకని అడిగినవారు..." ఆయన గుండెమీద చెయ్యి వేసుకున్నారు. "ప్రత్యేకాధికారి ఎందుకని కూడా అడుగుతారు."

"సార్, పక్కూరి కాలవ పూడిపోయే ఉండాది. దాన్ని ఫొటో తీసుకోండి," అంది శివగంగ.

"ఫొటోలో పడే అక్షాంశ రేఖాంశాలు ఒప్పుకోవమ్మా."

"పోనీ, దాన్నే మేం బాగుచేస్తాం."

"అంచనా ఈ కాలవకే మంజూరైంది. బాగుపడవలసిన హక్కు ఈ కాలవకే ఉంది." ఆయన కాసేపు ఆకాశం వంక చూసి, ఓబులేసుతో రాయించారు. "ఇందుమూలముగా, సదరు కాలువను తక్షణమే పూర్వస్థితికి పునఃస్థాపించి, తదుపరి నిబంధనల మేరకు పరిరక్షించవలెను."

పిల్లలకు అర్థం కాలేదు. కుళ్ళాయప్పకు మాత్రం అర్థమైంది. "అంటే మళ్ళా పూడ్చమంటాండారా?"

"పూడ్చడం అనకూడదు. పునఃస్థాపన అనాలి."

మట్టి కోసం మారెప్ప దగ్గరకు వెళ్ళారు. మారెప్ప నాగలి ఆపి విన్నాడు.

"ఇచ్చిన మట్టి మళ్ళా అడిగేదేంది సార్? దున్ని కలిపేసినా. అదో చేను. యా మట్టి నీదో, యా మట్టి నాదో, నువ్వే ఏరుకో."

అధికారిగారు ఒక మట్టిపెడ్డ తీసి చేతిలో తిప్పి చూసి, మళ్ళీ జాగ్రత్తగా అక్కడే పెట్టి వచ్చారు. ఇక వేరే మట్టి తేవాలి. పిల్లల చేత మోయిద్దామంటే ఐదు కిలోలకు మించి బరువు ఎత్తకూడదని నిబంధన. కూలీలను పెడదామంటే ఆ పద్దు లేదు. అప్పుడు పుస్తకం తిరగేస్తే ఒక విషయం బయటపడింది. పూడిక తీయడానికి యంత్రాలు వాడకూడదని స్పష్టంగా ఉంది. పూడిక వేయడానికి వాడకూడదని మాత్రం ఎక్కడా లేదు.

మర్నాడే జేసీబీ వచ్చింది. కొండవాలు నుంచి మట్టినీ గుండ్లనూ దొర్లించి, కాలవ మొదట్లో పోసి, బకెట్టుతో అదిమి అదిమి చదును చేసింది. నాలుగు పొద్దులు ఇరవై మూడు మంది తవ్విన కాలవ, గంటన్నరలో అక్కడ కాలవ అనే గుర్తే లేకుండా పోయింది. డ్రైవరు దిగి చెమట తుడుచుకుని, "ఏం కడతాండారన్నా ఇక్కడ?" అని అడిగాడు.

అంతటితో అయిందా అంటే కాలేదు. అంచనాలో పూడికతోబాటు అరవై నాలుగు కంపచెట్లు కూడా ఉన్నాయి. ఫొటోలో కంప లేకపోతే పైవారు ఊరుకోరు. కనుక కంపమొక్కలు తెచ్చి ఆ మట్టిలో వరసగా నాటారు. రెండురోజులకే వాడిపోయాయి. అధికారిగారు చూసి పెదవి విరిచారు.

"అంచనాలో పచ్చని కంప. ఇది వాడిన కంప. నీరు పోయించండి."

ఎక్కడి నీళ్ళు? ఉన్నది ట్యాంకరు నీళ్ళే. అప్పటినుంచి ట్యాంకరు ముందుగా కంపచెట్ల దగ్గర ఆగి, ఆ తరువాత ఊళ్ళోకి వచ్చేది. పొద్దున నీళ్ళు పోసే పని శివగంగకే పడింది. బిందెల వరసలో వెనకపడ్డ ఆడవాళ్ళు ఆ పిల్లను చూసి, "ఏమే పాపా, ముళ్ళకు తలంటినావా? సీకాయ పెట్టినావా?" అని ఎత్తిపొడిచేవాళ్ళు. శివగంగకు ఏడుపొచ్చేది. కానీ అన్ని చెట్లకూ పోసేది. పదో రోజుకు ఆ ముళ్ళకంపలు వేళ్ళు దించి, నిగనిగలాడుతూ లేచి నిలబడ్డాయి.

మే పన్నెండున అధికారిగారు ముందు ఫొటో తీసుకున్నారు. ఆయన మొహంలో మొదటిసారి నవ్వు కనపడింది. "ఎంత చక్కగా పాడైంది!" అన్నారు.

ఆ రోజు నుంచి ముప్పై రోజుల లెక్క మొదలు. పిల్లలకు పచ్చ చొక్కాలూ ప్లాస్టిక్ టోపీలూ ఇచ్చారు. పన్నెండు నియమాలు అచ్చేసిన చిన్న పుస్తకం ఇచ్చి, రోజూ పొద్దున చేతులు వెనక్కి కట్టుకుని ప్రతిజ్ఞలాగా చెప్పించారు. మైనర్లు ఇనుప పనిముట్టు పట్టరాదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు వరకు ఎండలో ఉండరాదు. చీలమండ దాటిన పారే నీటిలో దిగరాదు. ఏ సందేహం వచ్చినా అధికారి రాతపూర్వక ఆదేశం కోసం వేచి ఉండవలెను. తొమ్మిదికి ముందు తవ్వుకోవచ్చు కదా అంటే, అధికారి లేనిదే పని జరగరాదు, అధికారి బస్సు తొమ్మిదింపావుకు వస్తుంది. తవ్వడానికి ఇచ్చిన పారలు చూస్తే నారింజరంగు ప్లాస్టిక్‌వి. కుళ్ళాయప్ప ఒకదాన్ని మట్టిలో గుచ్చాడు. పార వంగి వాడి మొహంలోకే చూసింది.

కనుక పిల్లలు తవ్వలేదు. తవ్వడం గురించి నేర్చుకున్నారు. రెడ్డోళ్ళ కళ్ళం చదునుగా ఉందని అక్కడే షామియానా వేశారు. ఒకరోజు మట్టి ప్రాముఖ్యత, ఒకరోజు చేతులు కడుక్కోవడం, ఒకరోజు కాలవకు కృతజ్ఞత. కాలవ అక్కడికి వంద గజాల్లో ముళ్ళకంపలు కప్పుకుని నిద్రపోతోంది.

ఒకనాడు మజ్జిగ ఇవ్వడానికి వచ్చిన తిమ్మక్క షామియానా చూసి ఆగిపోయింది.

"నాయనా, ఈడ ఏసినారేంది? కాలవ మూతపడితే నీళ్ళు ఈ కళ్ళం మీదికే వస్తాయి. పోయినేడు వచ్చినాయి. మా చిన్నాయన కూతురు పెళ్ళినాడు వచ్చినాయి, పందిరీ పోయింది, పప్పు గుండిగా పోయింది. మా ఎర్రావు ఈనిన ఏడూ వచ్చినాయి."

"అవ్వా, మీ జ్ఞాపకాలను నేను గౌరవిస్తాను," అన్నారు అధికారిగారు మజ్జిగ అందుకుని. "కానీ ఎర్రావు ఈనిన సంవత్సరం ఏ రిజిస్టరులో నమోదైంది?"

జూన్ మొదటివారం వచ్చింది. కొండ వెనక మబ్బులు కమ్మి పోతున్నాయి. శివగంగ పొద్దస్తమానం కొండవైపే చూస్తోంది. ఒక వాన చాలు. ఒక్క మంచి వాన కాలవ వెంట వస్తే కుంట సగం నిండుతుంది. అదే వాన కళ్ళం మీదుగా పోతే మళ్ళీ ఎప్పుడు పడుతుందో, అసలు పడుతుందో లేదో. ఒక తెల్లవారుజామున కుళ్ళాయప్పను, మరో నలుగురిని వెంటబెట్టుకుని ఇళ్ళలోని పారలతో కాలవలోకి దిగింది. పది గంపలు తీశారో లేదో ఓబులేసు పరుగెత్తుకొచ్చాడు.

"మీకు దండం పెడతా పాపా, గట్టెక్కండి. ముందు ఫొటో మారిపోతే నా ఉద్యోగం పోతాది. నాకూ ఇద్దురు పిల్లోళ్ళు ఉండారు."

ఆ పది గంపలూ ఓబులేసే తిరిగి పోశాడు, తన చేత్తో. సంగతి తెలిసిన అధికారిగారు ముందుజాగ్రత్తగా ఇంటింటి ఇనుప పారలన్నీ పోగుచేయించి, పంచాయతీ గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

శివగంగ ఆయన బస్సుకు అడ్డంపోయి నిలబడింది. "సార్, మూడు పొద్దుల్లో వాన వస్తాదంటాంది మా జేజి. ఇప్పుడన్నా తవ్వనీయండి సార్."

"ముప్పయ్యో రోజు సామూహిక తవ్వకం ఉన్నదమ్మా. జిల్లా నుంచి పెద్దలు వస్తున్నారు. వారు కొబ్బరికాయ కొట్టాకే మట్టి కదలాలి. అయినా, మీ జేజి ఏ శాఖ?"

ముప్పయ్యో రోజు రానే వచ్చింది. జిల్లా సమన్వయాధికారితో కలిసి ఆరు శాఖల పెద్దలు పదకొండు మంది వచ్చారు. కార్లన్నీ కళ్ళంలో ఆగాయి. పెద్ద డేక్సాలో బిర్యానీ కూడా వచ్చింది. ఊళ్ళో పెద్దవాళ్ళంతా కూలికి పోయారు. మిగిలింది పిల్లలూ, ముసలివాళ్ళూ. సచ్చిదానందమూర్తిగారు మైకు పట్టుకుని, "ఈ కాలువ నేటి దుస్థితికి చేరుకోవడానికి మనమెంత శ్రమించామో..." అని ఉపన్యాసం మొదలుపెట్టారు. అప్పటికే కొండమీద వాన నల్లగా దిగింది. ఊళ్ళో ఒక్క చినుకు లేదు. తిమ్మక్క మాత్రం చెవి ఒగ్గింది.

"వస్తాంది," అంది.

వచ్చింది. ఎర్రగా, నురగతో, చెత్తాచెదారంతో కొండ దిగి వచ్చి, జేసీబీ అదిమిన మట్టికి తగిలి ఒక్క క్షణం ఆగింది. తరువాత దానికి బాగా గుర్తున్న దారినే కళ్ళం వైపు తిరిగింది.

ముందు కుర్చీలు లేచాయి. తరువాత రిజిస్టర్లు లేచాయి. ముప్పై రోజుల హాజరు, కాలవకు కృతజ్ఞతతో సహా, తేలుతూ వంకవైపు బయలుదేరింది. షామియానా ఒకవైపు కూలింది. సమన్వయాధికారి కారు చక్రాలు సగం మునిగి, కారు పక్కకు జరగడం మొదలుపెట్టింది. పిల్లలు చేసిన మొదటి పని బిర్యానీని కాపాడటం. డేక్సా ఇరవై కిలోలు ఉంటుంది. నలుగురు పట్టుకుంటే తలా ఐదు కిలోలే కనుక అది నిబంధనలకు లోబడిన పని. దాన్ని తీసుకెళ్ళి, ఎత్తైన బండమీద కూర్చున్న తిమ్మక్క పక్కన పెట్టారు.

"పిల్లలూ! దిగండి! తవ్వండి! కాలవ తెరవండి!" అని అరిచారు సచ్చిదానందమూర్తిగారు మోకాటి నీళ్ళలో నిలబడి.

శివగంగ ఆ నీళ్ళను చూసింది. ఒక్కో క్షణం ఒక్కో బిందె, ఒక్కో బిందె ఒక్కో రోజు కాలేజీ, అన్నీ కళ్ళముందే పోతున్నాయి. దూకాలని ఒళ్ళంతా గుంజింది. కానీ ఆ ప్లాస్టిక్ పారలతో దూకి లాభమేముంది? పనికొచ్చే పారలన్నీ తాళం వెనక ఉన్నాయి. ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని వరసలో నిలబడింది. ఇరవై రెండు మందీ పక్కన నిలబడ్డారు. రోజూ చెప్పినట్టే గట్టిగా మొదలుపెట్టారు.

"మైనర్లు ఇనుప పనిముట్టు పట్టరాదు! చీలమండ దాటిన పారే నీటిలో దిగరాదు!"

"నియమాలు పక్కన పెట్టండి!"

"రాతపూర్వకంగా ఇయ్యండి సార్," అంది శివగంగ. "పన్నెండో నియమం."

ఆయన కాగితం కోసం జేబులో చెయ్యి పెట్టారు. కాగితం తడి ముద్దయి వచ్చింది. దానితోపాటు తాళంచెవి కూడా వచ్చింది.

"మాకు పద్దెనిమిది నిండలేదు సార్," అన్నాడు కుళ్ళాయప్ప వినయంగా. "మీకందరికీ నిండినట్టే ఉండాది."

కారు ఇంకో మూర జరిగింది. సమన్వయాధికారి కేక వేశాడు. ఓబులేసు తాళంచెవి లాక్కుని ఒక్క పరుగున పారలన్నీ మోసుకొచ్చాడు. ఆరు శాఖలూ ప్యాంట్లు మడిచి కాలవలోకి దిగాయి. ఏ వైపు తవ్వాలో వాళ్ళకెవరికీ తెలియదు. నీటిపారుదల పరిధి అంటే అటవీ పరిధి అని రెండు పారలు కొట్టుకుంటున్నాయి. బండమీద నుంచి తిమ్మక్క గొంతు లేచింది.

"ఓ కళ్ళద్దాల నాయనా! ఆడ కాదు, నీ కాళ్ళకింద! చేతులు చాపండి, మనిషికి ఆరు బారలు! ఎవురి వంతు వాళ్ళది! అయిపోయినోడు పక్కోడి దాంట్లోకి దిగాల! ఏయ్ బట్టతల సారూ, యాడికి? ఆఖరోడు గట్టెక్కేదాకా ఈ డేక్సా మూత తీసేది ల్యా!"

ఆశ్చర్యమేమంటే, ఆ ఆదేశం అందరికీ వెంటనే అర్థమైంది. రాతపూర్వకంగా ఎవరూ అడగలేదు. కుళ్ళాయప్ప అధికారిగారి ఫోను తీసుకుని, రెండో గడి తెరిచి, 'జరుగుతుండగా' ఫొటోలు వరసగా తీశాడు.

మట్టి వచ్చేసింది. గుండ్లు దొర్లాయి. కంపచెట్లు మాత్రం రాలేదు. పదిరోజులు రోజూ నీళ్ళు తాగి అవి లోతుగా పాతుకుపోయాయి. వాటి దగ్గర చెత్త అడ్డుపడి నీళ్ళు మళ్ళీ వెనక్కి ఎగదన్నుతున్నాయి. పెద్దలు ముళ్ళు గుచ్చుకుని చేతులు విదిలించుకుంటున్నారు. అప్పుడు శివగంగకు ఏ నియమమూ గుర్తు రాలేదు. నీళ్ళలోకి దూకింది. ఏ చెట్టు ఎటు వేరు దించిందో ఆ పిల్లకు తెలుసు, ఒక్కొక్కదానికీ తనే నీళ్ళు పోసింది. ఓణీ చేతులకు చుట్టుకుని, మొదలు పట్టుకుని, ఒకదాని తరువాత ఒకటి పెరికింది. వెనకనే మిగిలినవాళ్ళంతా దూకారు. ఆఖరి కంప లేచిందో లేదో, నీళ్ళు కళ్ళాన్ని వదిలేసి కాలవలో పడి, కుంటవైపు ఉరికాయి.

ఆఖరున గట్టెక్కినవారు సచ్చిదానందమూర్తిగారు. తిమ్మక్క డేక్సా మూత తీసింది. అందరూ ఒకేసారి తిన్నారు.

వారం తరువాత, ఇంకో వాన కూడా పడి కుంట నిండి, మిగులు నీళ్ళు మరవ మీదుగా పారుతుండగా, అధికారిగారు మళ్ళీ వచ్చారు. శివగంగ సంచి భుజాన వేసుకుని బస్సు కోసం నిలబడి ఉంది. బోరు దగ్గర నీళ్ళు పడుతున్న చప్పుడు అక్కడిదాకా వినపడుతోంది. అరుగుమీద తిమ్మక్క.

అధికారిగారు దిగులుగా కాగితం విప్పారు. పైనుంచి వచ్చింది. 'జరుగుతుండగా' ఫొటోలలో శ్రమిస్తున్న బాలబాలికలు పద్దెనిమిదేళ్ళు దాటినవారివలె కనిపిస్తున్నారనీ, ముఖ్యంగా ఒక బాలునికి పూర్తిగా బట్టతల ఉన్నదనీ, వారందరి జనన ధ్రువపత్రాలూ పంపాలనీ, లేనిపక్షంలో సదరు పనిని రద్దుచేసి కాలువను తిరిగి పూర్వస్థితికి పునఃస్థాపించాలనీ ఉంది.

"దానికేముందిలే నాయనా," అంది తిమ్మక్క ఆకుకు సున్నం రాస్తూ. "ఎక్కడివక్కడ పెట్టాలంటే వరసగా పెట్టాల. ముందు ఆ కుంటలో నీళ్ళు మబ్బులోకి ఎక్కించిరా. మట్టి సంగతి అప్పుడు చూస్తాం."

అధికారిగారు కలం తీశారు. ఆ మాట పొల్లుపోకుండా రాసుకుని, తల ఎత్తారు.

"మబ్బు ఏ శాఖ పరిధిలోకి వస్తుందంటారు?"

ఆ జవాబు వినడానికి శివగంగ ఆగలేదు. కదిరి బస్సు వచ్చింది.